మీ ప్లాటులో పూసింది గడ్డిచామంతి, నూనె మాత్రం కాచకండి

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు పెట్టిన ఫోటోల్లో ఉన్నది గడ్డిచామంతి. అత్తగారు అన్నట్టు భృంగరాజ కాదు, పక్క ప్లాటాయన భయపెట్టినట్టు వయ్యారిభామా కాదు (రెండో ఫోటోలో ఒక మూల తప్ప, ఆ సంగతి చివర్లో చెప్తాను). నూనె కాచొద్దు, గడ్డి మందు కొట్టించొద్దు, పాప ఆడుకుంటే ఆడుకోనివ్వండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ఎందుకో తెలుసుకోవాలనుంటే కాస్త ఓపిక పట్టండి, ఇంటర్ పిల్లలకి ముప్ఫయ్యేళ్లు బోటనీ చెప్పిన నోరు, ఒకసారి మొదలైతే బెల్లు కొట్టేదాకా ఆగదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న రెండు ముక్కల్లో: కర్నూలు శివార్లలో ప్లాటు కొన్నారు, ఎర్రనేల, గుండురాళ్లు, బోరు కూడా ఇంకా వేయలేదు. రెండు వానలు పడగానే నేలంతా చిన్న చిన్న పూలు, మధ్యలో పసుపు, చుట్టూ ఐదు తెల్ల రేకులు. అత్తగారేమో ఇది భృంగరాజ, జుట్టుకి నూనె కాద్దాం అంటున్నారు. పక్కాయనేమో వయ్యారిభామ, పిల్లలకి ఎలర్జీ వస్తుంది, మందు కొట్టించండి అంటున్నాడు. అమెరికాలో ఉన్న మీ చెల్లెలు విత్తనాలు పంపమంటోంది. ఒక్క పువ్వుకి ఇంత పంచాయితీ జరగడం చూసి నాకైతే ముచ్చటేసింది.

మొక్క ఏదో చెప్పాలంటే నేను పువ్వుని చూసేకంటే ముందు అది నిలబడ్డ చోటు చూస్తాను. భృంగరాజ అంటే మన గుంటగలగర. పేరులోనే గుంట ఉంది చూడండి. కాలవ గట్లు, వరి మళ్ల అంచులు, చెరువు దిగువ చిత్తడి, బోరింగు దగ్గర నీళ్లు కారే చోటు, దాని కాళ్లు ఎప్పుడూ తడిగా ఉండాలి. మీ ప్లాటులో అంత తడి ఏది? బోరే లేదన్నారు. అందుకే మీరు రాసింది సగం చదవగానే ఇది గుంటగలగర కాదని నాకు అర్థమైపోయింది, ఫోటో చూసింది రూఢి చేసుకోవడానికే.

ఇక పూల దగ్గరికి వస్తే, గుంటగలగర పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది, ఆకు మొదట్లో పొట్టి కాడ మీద ఒకటో రెండో కూర్చుంటాయి, చుట్టూ ఉన్న తెల్లటివి దారప్పోగుల్లా సన్నగా, లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. గడ్డిచామంతి అలా కాదు. మొక్క నేలకి అతుక్కుని పాకుతుంది కానీ పువ్వుని మాత్రం జానెడు పొడవు సన్నటి కాడ మీద ఒంటరిగా పైకెత్తి పట్టుకుంటుంది. తెల్ల రేకులు మామూలుగా ఐదు, ఒక్కోసారి నాలుగో ఆరో. ఒక్కో రేకు కొసన పళ్లలాగా మూడు నొక్కులు. ఆకులు ఎదురెదురుగా, అంచులు రంపంలా, రెండు వైపులా నూగు, వేలితో రాస్తే గరగరలాడుతుంది. గుంటగలగర కాడ విరిచి చూడండి, విరిగిన చోట కాసేపటికి నల్లబడుతుంది, దీనిలో అంత నలుపు రాదు. అత్తగారికి చెప్పేటప్పుడు "మీకు తెలీదు" అని మొదలుపెట్టకండి మరి. ఆవిడ తప్పేమీ లేదు, ఈ పొరపాటు మందుల కొట్లలోనూ జరుగుతుంది. ఒకసారి నేను ఒక ఊళ్లో (ఊరు పేరు వద్దులెండి) భృంగరాజ ఎండాకు అని ఒక పొట్లం కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే సగానికి సగం ఈ గడ్డిచామంతే, నూగుతో సహా. కొట్టాయన్ని అడిగితే రెండూ ఒకటేనండీ అన్నాడు. ఏం మాట్లాడతాం!

రోడ్డు డివైడర్ల మీద పచ్చగా పరుచుకుని పూర్తి పసుపు పూలు పూసేది ఇంకొకటుంది, దాన్ని కూడా భృంగరాజ అని అమ్మేస్తున్నారు. అదీ వేరే మొక్కే. దాని జోలికి ఇప్పుడు పోను.

సరే, ఇప్పుడొక పని చేయండి. పొద్దున పూట ఒక పువ్వు తెంపి తెల్ల కాగితం మీద పెట్టండి, గుండుసూది, భూతద్దం దగ్గర పెట్టుకోండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు. పాపని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఒక పువ్వు అనుకుంటున్నది నిజానికి ఒక పువ్వు కాదు, ఒక ఊరు. ఆ ఐదు తెల్ల రేకుల్లో ఒకదాన్ని సూదితో మెల్లగా లాగండి. కింద చిన్న గొట్టం, అందులోంచి రెండుగా చీలిన సన్నటి పోగు, అడుగున బుల్లి అండాశయం వస్తాయి. అంటే అది రేకు కాదు, పూర్తిస్థాయి ఆడపువ్వు, తన ఆకర్షణ పత్రాల్ని (అంటే అసలు రేకుల్ని) ఒక పక్కకి లాగి ఒకే రేకు వేషం కట్టింది. కొసన మూడు నొక్కులన్నానే, అవి అలా కలిసిపోయిన పత్రాల ఆనవాళ్లే. ఇప్పుడు మధ్యలో పసుపుని పొడిచి చూడండి. గింజల్లా ఉన్నవన్నీ పూలే, ఒక్కోటి ఐదు కొసల బుల్లి నక్షత్రం. ఇవి ఆడా మగా రెండూ. అంచున ఉన్నవి ముందు విచ్చుకుంటాయి, మధ్యలోవి చివర, అందుకే కొన్ని పూలల్లో నడిమి భాగం ఇంకా మొగ్గలుగానే కనిపిస్తుంది.

ఇందులో నాకు బాగా ఇష్టమైన ముచ్చట ఒకటుంది, ఏ బ్యాచ్‌కి చెప్పినా వెనక బెంచీ వాళ్లు కూడా లేచి చూసేవాళ్లు. పసుపు పువ్వులో ఐదు కేసరాల పుప్పొడి తిత్తులు ఒకదానికొకటి అంటుకుని గొట్టంలా అవుతాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. కింద నుంచి కీలం, అంటే ఆడ భాగం కాడ, మూసుకున్న కొసతో పైకి పెరుగుతూ వస్తుంది, హోలీ పిచికారీలో కాడ తోసినట్టు పుప్పొడి మొత్తాన్ని పైకి నెట్టి పువ్వు నోటి దగ్గర కుప్పపోస్తుంది. వచ్చిన ఈగో సీతాకోకచిలుకో దాన్ని ఒంటికి పూసుకుని పోతుంది. అదంతా అయ్యాకే కొస రెండుగా చీలి వేరే పువ్వు పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. ఒక సెంటీమీటరు మీద కొంచెం వెడల్పు ఉండే పూలో ఇంత యంత్రాంగం! బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, అరకులో కొండల మీద పూసే వలిసెలు, అన్నీ ఇదే కుటుంబం, ఇదే పద్ధతి. ఈ కుటుంబంలో ముప్ఫై వేలకి పైగా జాతులున్నాయి. మనవాళ్లు దీనికి గడ్డిచామంతి అని పేరు పెట్టినప్పుడు ఏ పుస్తకం చూశారు చెప్పండి, కళ్లతో చూసి పెట్టారు, సరిగ్గా కుటుంబం కూడా కుదిరింది.

పేర్లంటే గుర్తొచ్చింది, ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు. గాయానికి వాడతారని గాయపాకు. బొగ్గుతో కలిపి నూరి పలకలకి రుద్దేవాళ్లు, అందుకని పలకాకు. కొన్నిచోట్ల నల్లాలం. పిల్లలైతే రావణాసురుడి తలకాయ అంటారు. ఆ పొడుగు కాడని మెలిపెట్టి, పువ్వు మెడ దగ్గర ఉచ్చులా బిగించి టక్కున లాగితే తల ఎగిరి అవతల పడుతుంది. మీ పాప ఆడుతున్న ఆట ఇదే అయ్యుంటుంది, కాదంటే నేర్పించండి. మా చిన్నప్పుడు ఎవడి తల ఎంత దూరం పడిందో కొలుచుకుని కొట్టుకునేవాళ్లం.

ఈ మొక్క పుట్టిల్లు మనది కాదు. మెక్సికో, మధ్య అమెరికా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని పేరు పెట్టాడు, ప్రొకంబెన్స్ అంటే నేల మీద పడుకుని ఉండేది. అమెరికా ఖండం మొక్క కాబట్టి చరకుడు, సుశ్రుతుడు దీన్ని చూసి ఉండే అవకాశమే లేదు. నెట్‌లో "వేల ఏళ్లుగా ఆయుర్వేదంలో" అని మొదలయ్యే పోస్టు ఈ మొక్క గురించి కనిపిస్తే ఆ మిగతాది కూడా చదవక్కర్లేదు. అలాగని వైద్యం కబుర్లన్నీ ఒట్టివని కాదు. తమిళంలో దీన్ని కోతగాయాల మొక్క అనే అర్థం వచ్చేలా పిలుస్తారు, మన దగ్గర గాయపాకు, అంటే వచ్చాక ఊళ్లవాళ్లు వాడి చూసి కట్టిన పేర్లివి. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కూడా దీని రసం గాయం మానడంలో కొంత పనిచేస్తున్నట్టు కనబడింది. కానీ ఎలుకకి లాబ్‌లో శుభ్రంగా చేసిన గాయం వేరు, చేలో మట్టికాళ్లతో మనం చేసుకునే గాయం వేరు.

నా కాలు మీదే రెండు గుర్తులున్నాయి. ఒకటి పన్నెండేళ్లప్పుడు శెనక్కాయ చేలో కొడవలి తగిలింది. మా జేజి గట్టు మీది నాలుగు ఆకులు తెంపి అరచేతుల్లో నలిపి పసరు పిండింది, చురుక్కుమంది, నెత్తురు ఆగింది, వారానికి మానింది. ఆ నమ్మకంతోనే నలభై దాటాక తుప్పు రేకు గీసుకుంటే పెద్ద బోటనీ మాస్టారిలా అదే ఆకు పసరు పెట్టుకున్నాను, ఆకు కడగను కూడా లేదు. మూడో రోజుకి కాలు బూరెలా వాచి, చీము పట్టి, జ్వరం. డాక్టరమ్మ చీము తీస్తూ, "టీటీ వేయించుకున్నారా మాస్టారూ? ఆకు మీద దుమ్ము, పేడ ఎంత ఉంటుందో మీరే కదా పిల్లలకి చెప్పాలి" అంది. తలెత్తలేకపోయాను. కాబట్టి చిన్న గీతకి కడిగిన ఆకు పసరు పెట్టుకుంటారా, మీ ఇష్టం. లోతు గాయం, ఇనుము, మట్టి, కుక్కకాటు, షుగర్ ఉన్నవాళ్ల కాలు, వీటికి మాత్రం ఏ ఆకూ వద్దు, సబ్బు నీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. లోపలికి తాగడం, కషాయాలు, షుగరుకి పరగడుపున రసం, ఇలాంటివి నేను ఎవరికీ చెప్పను.

నూనె సంగతి కూడా అంతే. విషమని కాదు, మీరు కోరుకున్న మొక్క అది కాదు. గుంటగలగరే కావాలంటే తుంగభద్ర కాలవ గట్ల వెంట ఒక ఆదివారం తిరిగి రండి, మోపెడు దొరుకుతుంది. పురుగుమందు కొట్టే మడి పక్కది మాత్రం కోయకండి.

ఎండనేలలో ఇది ఎలా బతుకుతుందని మీరు ఆశ్చర్యపోయారు. నేను ఉద్యోగం చేసింది ఎక్కువగా అనంతపురం జిల్లాలో, ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూఇటూగా వాన, అదీ సరిగ్గా కురిసిన ఏడు. అక్కడ కాలేజీ ఆటస్థలంలో ఏప్రిల్‌లో గరికే చచ్చిపోయేది, ఈ మొక్క మాత్రం వాలీబాల్ కోర్టు అంచున ఒకటో రెండో పూలతో ఉండేది. ఒళ్లంతా నూగు. నేలకి అంటుకుని పాకుతూ, కణుపు మట్టికి తగిలిన చోటల్లా వేరు దించుతుంది, ఒక చోట తెగినా ఇంకో చోట నుంచి బతుకుతుంది. పడుకుని ఉంటుంది కాబట్టి బండి చక్రం దాటిపోయినా, మేక నోరు పెట్టినా మొదలు మిగిలిపోతుంది. ఏడాదంతా పూస్తుంది, దీనికి సీజన్ అంటూ లేదు.

గింజలు చూశారా? పూత అయిపోయాక తల తెల్ల దూదిబంతి అవుతుంది. ఒక్క గింజ లాగి చూడండి: రెండు మిల్లీమీటర్ల నల్లటి గింజ, దాని నెత్తిన ఈకల్లాంటి ఇరవై దాకా పోగులు గొడుగులా. వయ్యారిభామలో తలకి ఐదు గింజలకి మించి కట్టవు, దీనిలో చుట్టూ ఉన్నవీ మధ్యలోవీ అన్నీ గింజ కడతాయి. ఒక మొక్క వెయ్యి పైన వదులుతుంది. వాన పడ్డ పొద్దున దూదిబంతి తడిసి ముద్దగా ఉంటుంది, పదింటికి ఎండ ఎక్కితే మళ్లీ విచ్చుకుంటుంది, అప్పుడు గాలి వస్తే ఇక చూసుకోండి. మీ ప్లాటుకి అలానే వచ్చింది.

తీసేయాలా వద్దా అన్నారు. ఇల్లు కట్టేదాకా ఉంచమనే నా సలహా. వేరే పూలు లేని ఎండు నేలలో సీతాకోకచిలుకలకి ఇదే హోటల్. పొద్దున తొమ్మిది, పది మధ్య కాసేపు గొంతుక్కూర్చుని చూడండి. వేలిగోరంత ఉండే గ్రాస్ జ్యువెల్ (మన దేశంలోని అతి చిన్న సీతాకోకచిలుకల్లో ఒకటి), దాని పక్కనే నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్, రెండూ ఈ పూల మీదే వాలతాయి. పెద్దది వాలినప్పుడు ఆ సన్నకాడ వంగిపోయి ఊగుతుంది, అది దిగకుండా అలానే తాగుతుంది. మా కుందేళ్లకి కూడా ఈ ఆకు వేసేవాణ్ణి, ఇష్టంగా తినేవి.

మడి కట్టి కూరగాయలు వేయాలనుకున్న చోట మాత్రం తీసేయాల్సిందే, చేలల్లో ఇది మొండి కలుపు, రైతుల్ని అడగండి ఎంత విసుగో. దానికీ మందు అక్కర్లేదు. దూదిబంతి రాకముందే, వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు మొదలు దగ్గర పట్టి కణుపు వేళ్లతో సహా లాగేయండి. పైపైన కోస్తే ఇంకా గుబురుగా వస్తుంది. గింజ మొలవాలంటే వెలుతురు తగలాలి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున పూడిపోతే పైకి రాలేదు. కాబట్టి ఒకసారి మట్టి తిరగేసి, పైన ఎండుగడ్డో శెనక్కాయ పొట్టో మందంగా పరిస్తే చాలావరకు ఆగిపోతుంది. తర్వాత మాటిమాటికీ మట్టి కెలకొద్దు, కెలికితే కింద పడుకున్న గింజల్ని మీరే పైకి తెచ్చినట్టు.

చెల్లెలికి విత్తనాలు పంపొద్దు. అమెరికా ప్రభుత్వం హానికర కలుపు మొక్కల జాబితాలో పెట్టింది దీన్ని, కవర్లో దొరికితే ఆమెకే తలనొప్పి. ఊరి గుర్తుగా కావాలంటే ఒక మంచి ఫోటో తీసి ఫ్రేము కట్టించి ఇవ్వండి.

ఇప్పుడు ఆ మూల సంగతి. మీ రెండో ఫోటోలో ఎడమ పక్కన, కాంపౌండు గోడ పునాది రాళ్ల దగ్గర, క్యారెట్ ఆకుల్లా సన్నగా చీలికలైన ఆకులతో రెండు మూడు మొక్కలు నిటారుగా ఉన్నాయి. పెద్దగా చేసి చూశాను. అవి వయ్యారిభామే. అంటే పక్కాయన పూర్తిగా తప్పు కాదు, మొక్క చూశాడు, వేలు తప్పు దానివైపు చూపించాడు. దాని పూలకీ చుట్టూ ఐదు తెల్ల రేకుల్లాంటివే ఉంటాయి, అందుకే తికమక, కానీ అవి సగ్గుబియ్యం గింజంత, గుత్తులు గుత్తులుగా కొమ్మల చివర పూస్తాయి. ఇదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, ఇదే కుటుంబం, మన దేశంలో 1955లో పుణేలో కనిపించాక దేశమంతా పాకింది. దీన్ని తినే పెంకుపురుగుని మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు, వానాకాలంలో కొన్నిచోట్ల ఆకుల్ని జల్లెడ చేస్తుంది, అయినా తరగలేదు. చర్మానికి దద్దుర్లు, పుప్పొడికి తుమ్ములు, ఆయాసం, అవన్నీ నిజమే. పాపని అటువైపు పోనివ్వకండి.

ఫోటోలో ఇంకా పూత కనబడట్లేదు, అదృష్టం. ఈ వారంలోనే చేతులకి గ్లౌజులు, మూతికి గుడ్డ కట్టుకుని వేరుతో సహా పీకించండి, ఒట్టి చేతులతో ముట్టుకోవద్దని కూలీకి కూడా చెప్పండి. పీకినవి అక్కడే పడేయకుండా గుంట తీసి పూడ్పించండి. పక్క ప్లాటాయన్ని కూడా పిలవండి, ఆయన గోడకి అవతల వైపు ఇంకా ఎన్ని ఉన్నాయో చూసుకోమని.